లోపలి గుడ్డ

వీధి చివర బట్టలు కుట్టే ఆవిడను అందరూ టేపక్క అంటారు. నెలసరి దగ్గరపడ్డ వాళ్లకు ఆమె కొలతలు తీయదు. "ఇప్పుడు ఒళ్లు ఉబ్బి ఉంటుందమ్మా, అయ్యాక రా" అని పంపేస్తుంది. తన జాకెట్లకు మాత్రం, పెళ్లయినప్పటి నుంచీ, ఎప్పటికైనా కడుపు పండితే వదులు చేసుకోవచ్చని, లోపల బోలెడు గుడ్డ వదిలి కుట్టుకుంటుంది. మొన్న హుక్కులు బిగుతయ్యాయి, రొమ్ములు సలిపాయి. లేత గోధుమరంగు మరక కనబడగానే "వచ్చేసింది, ఎప్పుడూ ఉండేదే" అని పెదవి విరిచి మిషను ముందు కూర్చుంది. మర్నాటికి మరక ఆగిపోయింది. మిషను నూనె వాసనకు కడుపులో తిప్పింది. "అందరి ఒళ్లూ తెలుసు గానీ నీ ఒళ్లు నీకు తెలీదక్కా! ముందు పరీక్ష చేసుకో" అంటూ తోడికోడలు కిట్టు తెచ్చి చేతిలో పెట్టింది. రెండు గీతలు తేలాయి. టేపక్క కత్తెర తీసుకుని తన జాకెట్టు పక్క కుట్లు విప్పింది. పైనంతా వెలిసిపోయినా, లోపలి గుడ్డ ఇంకా కొత్త రంగులోనే ఉంది.