తనే వచ్చి త్రాసులో కూర్చునే ఎలుక

మా మావయ్య మందుల కంపెనీలో ఎలుకల గది చూసుకునేవాడు. పదహారేళ్ళ పాటు రోజూ బోనుల్లో పొట్టు మార్చడం, నీళ్ళ సీసాలు కడగడం, ఒక్కో ఎలుకనూ తూచి బరువు రాయడం ఆయన పని. వీధిలో అందరూ ఎలుకల మావయ్య అనేవారు. ఆయన కాదనేవాడు కాదు. మనుషులతో కన్నా వాటితోనే ఎక్కువ మాట్లాడేవాడు, అదీ ఎంతో మర్యాదగా.

ఆ ఏడు ఆ గదిలో పరీక్షిస్తున్నది ఊపిరాడని జబ్బుకు కొత్త మందు. ఆ జబ్బే మా అమ్మది. పాత మందులు పనిచేయడం మానేశాయి. కొత్తది మొదటగా వేసుకోబోయే రోగుల జాబితాలో అమ్మ పేరుంది. ఎలుకల పరీక్ష గట్టెక్కితే అమ్మకు మాత్రలిస్తారు.

పది ఎలుకలు మందు తాగుతాయి, పది ఉత్త నీళ్ళు తాగుతాయి. మూడు నెలలయ్యాక మందు తాగినవాటిని కోసి, కాలేయం పాడైందేమో చూస్తారు. నీళ్ళవాటికి మరో ఏడాది గడువు. ఏది ఏదో తెలియడానికి బోనుకు వేలాడే అట్టముక్కే ఆధారం.

మందు తాగేవాటిలో ఒకదానికి చెవి చిరిగి ఉండేది. మిగతావాటిని పట్టుకుని తూకానికి ఎత్తాలి. ఇది మాత్రం బోను తలుపు తీయగానే తనే వచ్చి త్రాసులో కూర్చునేది. దాన్ని కోసే వంతు వచ్చిన రోజు మావయ్య రెండు బోనుల అట్టముక్కలు అటూ ఇటూ మార్చేశాడు. దాని బదులు నీళ్ళు తాగిన ఎలుక పోయింది. ఆ నీళ్ళ ఎలుక గురించి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

కాలేయాలన్నీ బాగున్నాయని రిపోర్టు వచ్చింది. సోమవారం నుంచి మాత్రలు వేసుకోమని అమ్మకు కబురొచ్చింది. ఆదివారం మావయ్య వచ్చి అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“అక్కా, ఆ మాత్ర వేసుకోకు. నేనొక ఎలుకని మార్చాను.”

అమ్మ అంతా వింది. “పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. మనింట్లో ఎలుకకి చెలగాటం, నాకు ప్రాణసంకటమా? మార్చేటప్పుడు నేను గుర్తు రాలేదురా?”

“లేదక్కా,” అన్నాడు వెంటనే.

నాకు ఒళ్ళు మండిపోయింది. మాటవరసకైనా వచ్చావని అనొచ్చు కదా! ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. అట్టముక్కలు మార్చడం మాత్రం వచ్చు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసరుకు చెప్పేశాడు. పదిలో ఒక్కటి తప్పినా రిపోర్టు చెల్లదట. చిరుగుచెవి ఎలుకను తెమ్మన్నారు. మావయ్య బోను తలుపు తీశాడు. అది వచ్చి త్రాసులో కూర్చుంది. ఆయన అలవాటు ప్రకారం బరువు రాసి, తీసుకెళ్ళి ఇచ్చాడు. తర్వాత గది తాళాలు కూడా ఇచ్చేయమన్నారు.

దాని కాలేయం నిక్షేపంగా ఉంది.

అమ్మ మూడు వారాలు ఆలస్యంగా మాత్రలు మొదలుపెట్టింది. ఇప్పుడు మెట్లెక్కుతోంది, మధ్యలో ఆగకుండా మావయ్యను తిట్టగలుగుతోంది. మొన్న మాత్ర చేతిలో పెట్టుకుని అడిగింది.

“ఏరా, నోరు మూసుకుని ఉంటే అదీ బతికేది, నేనూ బతికేదాన్ని, నీ ఉద్యోగమూ ఉండేది. అనవసరంగా చెప్పానని అనిపిస్తోందా?”

“లేదక్కా,” అన్నాడు మావయ్య.

కానీ ఈసారి ఆ మాట అనడానికి కాస్త సమయం తీసుకున్నాడు.