రెండు కొడితే బండి కదులుతుంది

సీతాఫల్‌మండిలో కమలాబాయి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పరు. బస్సాయమ్మ ఇల్లు అనాలి. అప్పుడు చిన్నపిల్లలు సుత చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపిస్తారు. ఆమెకు యాభై ఆరేళ్లు. ఎనిమిదేళ్లు ఒక స్కూలు బస్సులో ఆయమ్మగా చేసింది. దానికి ముందు ఇరవై ఏళ్లు మోండా మార్కెట్‌లో భర్త సదాశివతో కలిసి ఉల్లిగడ్డలు అమ్మింది. సదాశివ పోయాక నెల రోజులు ఒక్కతే పోయి కూర్చుంది. "గంపకు అవతలొకరు ఇవతలొకరు కూసునేటోళ్లం. ఒక్కదాన్ని కూసుంటే ఆ గంప నన్నే చూస్తున్నట్టుండె" అని చెప్పింది. తర్వాత స్కూల్లో చేరింది.

పని ఎవరూ నేర్పలేదు, తానే పట్టుకుంది. పిల్లలను కళ్లతో లెక్కపెట్టదు. ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెడుతుంది. సీటు కింద దాక్కున్నవాడి తల కూడా ఆ చేతికి తగలాల్సిందే. సాయంత్రమయ్యేసరికి ముప్పై ఎనిమిది ఇళ్ల కొబ్బరినూనె ఆమె అరచేతికి అంటి ఉంటుంది. బండి నడుస్తుంటే లేచి నిలబడ్డవాణ్ని భుజం మీద నొక్కి కూర్చోబెడుతుంది. బ్యాగు నడిచే దారిలో పెడితే తీసి ఒళ్లో పడేస్తుంది. ఒకసారి ఒక పిల్ల కిటికీలోంచి మోచేయి దాకా బయటపెట్టి, చెమట పట్టిందని, ఆరబెట్టుకుంటున్నానని చెప్పింది. "నీ చెయ్యేమన్నా వడియమా, ఎండకు పెట్టనీకి? లోపలికి తియ్" అంది కమలాబాయి. ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్లను అందరూ వడియమనే పిలిచారు. ఆ బస్సులో మళ్లీ చేతులు బయటికి పోలేదు.

బండి నడిపేది లూకా. వాళ్ల తాతగారి రోజుల్లో గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. మాటలో ఆ వైపు తీరు ఇంకా పోలేదు. నెమ్మదస్తుడు. పొద్దున స్టీరింగు మీద రెండు నిమిషాలు తల వాల్చి ప్రార్థన చేసుకున్నాకే తాళం తిప్పుతాడు. ఆ బస్సు తలుపు బండి నడుమ ఉంటుంది, లూకా వీపు వెనక. అక్కడ ఎవరు ఎక్కుతున్నారో దిగుతున్నారో అతనికి సరిగ్గా కనిపించదు. అందుకని పాత సిటీ బస్సుల అలవాటే వీళ్లూ పెట్టుకున్నారు. తలుపు పక్క రేకు మీద అరచేత్తో రెండు కొడితే పో. ఒకటి కొడితే ఆగు. నోటితో చెప్పే పని లేదు. నలభై మంది పిల్లల గోలలో నోటి మాట డ్రైవరు దాకా పోదు, రేకు చప్పుడు పోతుంది. ఆ రెండు దెబ్బలు విన్నాక లూకా మరి వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. కుడివైపు అద్దంలో వచ్చే బండ్లను చూసుకుంటూ క్లచ్ వదిలేసేవాడు.

జూలైలో కమలాబాయి స్నానాల గదిలో జారి పడింది. కుడి మణికట్టు వాచింది. పట్టీ కట్టుకుని డ్యూటీకి వచ్చింది. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకోవాలి, కుడి చేత్తో కొట్టడం కుదరదు. ఐదో తరగతి చదివే హదస్సా ముందుకొచ్చింది. చొక్కాకు బస్ లీడర్ బిళ్ల పెట్టుకునే పిల్ల. చిన్నవాళ్ల బాటిళ్లు అందించేది, ఏడ్చేవాళ్ల ముక్కు తుడిచేది. తాను కొడతానంది. కమలాబాయి సరేనంది. తలుపు గట్టిగా పడ్డాక, ఆయమ్మ మెట్టు మీంచి లోపలికి వచ్చాక కొట్టాలని చెప్పింది. పది రోజులు అట్లాగే నడిచింది. ఆ పిల్ల ఎంత పద్ధతిగా కొట్టేదంటే లూకా కూడా మెచ్చుకున్నాడు.

పట్టీ విప్పేసినా పిల్ల చెయ్యి ఆగలేదు. హదస్సా రెండు రోజులు కొట్టింది, మూడో రోజు ఇంకెవరో కొట్టారు. ఆయమ్మ కంటే ముందు ఎవరు కొడతారు అన్నది పిల్లలకు ఒక పందెమైంది. ఎవరి చెయ్యో తెలిసేది కాదు. వెనక్కి తిరిగి చూస్తే అందరూ ఎల్లవ్వ దేవత పటం ముందు కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చుని ఉండేవాళ్లు.

మొదటిసారి ఆమెకు అర్థమైంది మెట్టుగూడలో. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద ఉండగా బండి కదిలింది. కడ్డీ చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది. లూకాను అడిగితే, మీరే కొట్టారుగా కమలమ్మా, అన్నాడు. పిల్లలు కొట్టారని ఆమె అతనికి చెప్పలేదు. ఇంకో వారానికి లాలాగూడలో ఒక పిల్లాడి బ్యాగు పట్టీ తలుపులో ఇరుక్కుని ఉండగా కదిలింది. పట్టీ తెగింది. పిల్లాడు నిలబడే ఉన్నాడు.

పోయి ఆఫీసులో చెప్పొచ్చు. బస్సుల పని చూసేది హరికిషన్ సార్. రేకు మీద ఆయమ్మ తప్ప ఇంకెవరూ కొట్టగూడదన్న నియమం ఆయన పెట్టిందే, లూకా సీటు వెనక కాగితం మీద రాసి అంటించి ఉంది. ముందటి ఏడు వేరే రూట్లో ఒక ఆయమ్మ పిల్లను ఒంటరిగా రోడ్డు దాటనిచ్చింది. పిల్ల క్షేమంగానే ఇల్లు చేరింది. అయినా ఆయమ్మ మర్నాడు పనిలో లేదు. కమలాబాయి పోయి పిల్లలు కొడుతున్నారని చెప్తే, వాళ్లకు నేర్పిందెవరని అడుగుతారు. ఆ ఒక్క మాట దగ్గర ఆమె ఆగిపోయేది. పిల్లలను బతిమాలింది, బెదిరించింది, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమంది. ఒక రోజు వినేవాళ్లు. రెండో రోజు మళ్లీ చప్పుడు.

అన్నిటికంటే ఆమెను భయపెట్టింది మౌలాలి స్టాపు.

అక్కడ ఎల్‌కేజీ యోగిత దిగుతుంది. రైల్వే కాలనీ పిల్ల. ఇల్లు రోడ్డుకు అవతలి పక్క. తల్లి స్వర్ణలత ఆటోల దగ్గర నిలబడి ఎదురుచూస్తుంది. కమలాబాయి దిగి, పిల్ల చిటికెన వేలు పట్టుకుని, బస్సు ముందు నుంచి రోడ్డు దాటించి, తల్లి చేతికిచ్చి తిరిగొచ్చి ఎక్కాలి. ఆమె వచ్చేదాకా బండి ఆగి ఉండాలి. అది బల్లపరుపు ముఖం ఉన్న బండి. లూకా సీటు ఎత్తులో ఉంటుంది. అద్దానికి ఆనుకున్నట్టు ముందు పెద్దవాళ్లు నిలబడితే తల కనిపిస్తుంది. వంగితే ఏమీ కనిపించదు.

"రోజూ బండి మూతి ముందర నుంచే పోతుంటి. లైటు నా ఛాతీకాడికొస్తది, ఆ పోరి తలకు సుత అందది. ఇంజన్ వేడి చెంపకు కొడ్తుండె. ఎనిమిదేండ్ల నుంచి తిరుగుతున్న బండి, అప్పటిసంది కొత్త బండి లెక్క అనిపిస్తుండె" అని చెప్పింది. ఆ నాలుగడుగులూ ఆమె ఊపిరి బిగబట్టి నడిచేది. వెనక బస్సులో ముప్పై మంది పిల్లలుంటారు. అరవై చేతులు. అందులో ఏ రెండు రేకు మీద పడ్డా చాలు. అట్లా ఆగస్టు గడిచింది, సెప్టెంబరు గడిచింది. అనుకున్నది జరగని ప్రతి రోజూ, ఇంకో రోజు చూద్దాం అనిపించేది.

అక్టోబరులో ఒక మంగళవారం వాన తెరిపిచ్చింది. స్టాపు దగ్గర నీళ్లు నిలిచాయి. బస్సు వెనక ఒక నీళ్ల ట్యాంకరు వచ్చి ఆగి, ఆపకుండా హారన్ కొడుతోంది. కమలాబాయి యోగితను దింపింది. తలుపు దగ్గరగా వేసి, పిల్ల వేలు పట్టుకుని ముందుకు నడిచింది. సరిగ్గా బండి మూతి నడుమకు వచ్చేసరికి పిల్ల నీళ్ల బాటిల్ మూత ఊడింది. దొర్లుతూ బండి కిందికి పోయింది. పిల్ల వేలు విడిపించుకుని వంగింది. మూత ఇంకా లోపలికి పోతే, తల బంపరు కిందికి పెట్టి చెయ్యి చాచింది. కమలాబాయి కూడా వంగింది.

వెనక ట్యాంకరు హారను. గాలికి బస్సు తలుపు ధనామని పడింది. ఆ వెంటనే రేకు మీద రెండు దెబ్బలు వినిపించాయి.

ఇంజను గొంతు మారింది. బంపరు ఆమె భుజానికి తగిలి నెట్టింది. ఒక చెయ్యి పిల్ల నడుం బెల్టు దొరకబుచ్చుకుంది. రెండో చెయ్యి దానంతట అదే లేచి బండి ముందు రేకు మీద పడింది. ఒక్కటే దెబ్బ.

ఎనిమిదేళ్లుగా ఆ చప్పుడుకు బ్రేకు తొక్కిన కాలు మళ్లీ తొక్కింది. బండి ఆగింది. మూర దూరం కూడా జరగలేదు. ఆ మూర దూరంలోనే మూత ముందు చక్రం కింద నలిగిపోయింది. కమలాబాయి బురదలో చతికిలబడి ఉంది, ఒళ్లో యోగిత. పిల్లకు గీత కూడా పడలేదు. మూత పోయిందని ఏడుస్తోంది.

లూకా దిగి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. మీరు ఎక్కారనుకున్నాను, మీరే కొట్టారనుకున్నాను, అదే మాట మూడుసార్లు అన్నాడు. ఆమె తలెత్తి కిటికీ వైపు చూసింది. హదస్సా నిలబడి ఉంది, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని. తలుపు పడిన చప్పుడు విని ఆయమ్మ ఎక్కిందనుకుంది ఆ పిల్ల. నేర్పినట్టే, తలుపు పడ్డాకే కొట్టింది.

అవతల స్వర్ణలత ఆటోవాడితో ఏదో మాట్లాడుతూ అటు తిరిగి ఉంది. ఏమీ చూడలేదు. కమలాబాయి పిల్లను దాటించి చేతికిచ్చింది. చీరంతా ఆ బురదేందని స్వర్ణలత అడిగితే, జారి పడ్డ అంది. బాటిల్ మూత పోతే పోనీ, ఇంకోటి కొంటానని తల్లి పిల్లను ఓదార్చుకుంటూ వెళ్లిపోయింది.

బస్సు ఖాళీ అయ్యాక లూకా ఇంజను ఆపి, ఆమె వైపు తిరిగాడు.

"దేవుడు కాపాడాడు కమలమ్మా. పిల్లకేం కాలేదు. ఎవరూ చూడలేదు. మనం నోరు తెరిస్తే ఇద్దరి పనీ పోద్ది. నాకింకా ఇద్దరు చదువుకునేవాళ్లున్నారు."

"ఇయ్యాల దేవుడు చూసిండు తమ్మీ. రేపు సుత నేను గా మూతి ముందర నుంచే పోవాలె" అంది ఆమె.

మర్నాడు పొద్దున ట్రిప్పు అయ్యాక హరికిషన్ సార్ గదికి పోయింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. జూలై నుంచి జరిగింది వరుసగా చెప్పింది. సారు మధ్యలో ఆపలేదు. చివరికి, కొట్టిన పిల్ల ఎవరని అడిగాడు.

"పిల్ల పేరెందుకు సారూ. నేర్పింది నేను. నా పేరు రాయుర్రి."

"పేరు లేకపోతే మొత్తం నీ మీదే పడుతుంది కమలాబాయి."

"పడనీ. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది ఆ పోరి."

సారు ఒక కాగితం రాసి సంతకం పెట్టించుకున్నాడు. ఆమెను బస్సు మీంచి తీసేసి నర్సరీ గదులు తుడిచే పనిలో వేశారు. మంచివాడే, పూర్తిగా తీసేయలేదు. కొత్త ఆయమ్మకు ఈల ఇచ్చారు, రేకు మీద చెయ్యి వెయ్యగూడదని పిల్లలందరికీ ప్రేయరులో చెప్పారు. లూకాను పిలిచి మందలించి వదిలేశారు. అతను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

అంతా అయ్యాక ఆమె ఒకటి అడిగింది. యోగిత వాళ్లమ్మకు చెప్పారా అని.

సారు కాగితాలు సర్దుకుంటూ, ఏమీ కాలేదు కదా, ఇప్పుడు చెప్పి పరేషాన్ చేయడం ఎందుకన్నాడు. ఆ మాట ఇంకెక్కడా ఎత్తొద్దని కూడా అన్నాడు. గట్టిగా అనలేదు, మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నా అది హెచ్చరికేనని ఆమెకు అర్థమైంది.

కొత్త ఆయమ్మ పేరు కాంతమణి. ముప్పై ఏళ్లుండవు. గేటు దగ్గర కమలాబాయి ఆమెకు మౌలాలి స్టాపు సంగతి చెప్పింది. పిల్లను వంగనీయొద్దు, బండి ముందు నుంచి పోయేటప్పుడు లూకా కండ్లల్ల చూసి పో, అని. హా అక్కా, హా అక్కా, అంటూ కాంతమణి ఫోన్ చూసుకుంటోంది. మెడలో ఈల వేలాడుతోంది. బస్సు వెళ్లిపోయింది. గదులు తుడుస్తూ కమలాబాయి గోడ గడియారం చూస్తూనే ఉంది. మూడూ యాభై. నాలుగు. నాలుగూ పది. ఇప్పుడు మూతి ముందర ఉంటారు. నాలుగూ పన్నెండు.

మూడు రోజులు అట్లా చూసింది. నాలుగో రోజు పని తొందరగా ముగించుకుని సిటీ బస్సెక్కి మౌలాలి పోయి, రోడ్డుకు అవతల ఆటోల దగ్గర నిలబడింది. స్వర్ణలత చూసి సంబరపడింది. మా యోగి మిమ్మల్నే అడుగుతోంది ఆయమ్మా, మౌలాలి గుట్ట మీది దర్గాకు గానీ వచ్చారా అంది.

"నీతోనే పని పడి వచ్చిన బిడ్డా" అని, ఆ రోజు బురదలో ఎందుకు కూర్చుందో మొత్తం చెప్పింది. తన చేత్తో తానే నేర్పిన సంగతీ దాచలేదు.

స్వర్ణలత విన్నది. తిట్టలేదు. ఒక్క మాట అడిగింది. "ఇన్ని నెలలు తెలిసి కూడా, నా బిడ్డను దాని ముందు నుంచే తీసుకొచ్చావా?"

అప్పటిదాకా మీరు అన్న మనిషి.

బస్సు వచ్చి అవతల ఆగింది. స్వర్ణలత ఇక ఆమె వైపు చూడలేదు. చున్నీ నడుముకు బిగించి, వచ్చే బండ్లను చేత్తో ఆపుకుంటూ, బండి వెనక నుంచి చుట్టి తలుపు దగ్గరికే పోయింది. మెట్టు మీంచే పిల్లను చంకకెత్తుకుంది. బస్సు వెళ్లిపోయేదాకా అక్కడే, రోడ్డు పక్క గోడకు ఆనుకుని నిలబడింది. రోడ్డు ఖాళీ అయ్యాక దాటింది. కమలాబాయి పక్క నుంచే పోయింది. భుజం మీంచి యోగిత చెయ్యి ఊపింది. తల్లి ఆ చేతిని కిందికి దించింది.

ఆ తర్వాత కమలాబాయి మౌలాలి పోలేదు. ఇప్పుడు రోజూ తల్లే తలుపు దగ్గరికి వచ్చి పిల్లను ఎత్తుకుపోతోందని, బండి ముందు నుంచి దాటడం లేదని లూకా ఒక రోజు తనంతట తానే వచ్చి చెప్పి వెళ్లాడు.