ఎంతగారి లక్ష్యాలు

మా మేనేజరుగారికి ఏ మాటయినా వెనకాల అంకె ఉంటేనే చెవికెక్కుతుంది. పని చాలావరకు అయిపోయిందని చెబితే "అంటే ఎంత?" అంటారు. కొంచెం తలనొప్పిగా ఉందని చెప్పినా "అంటే ఎంత?" అనే అంటారు. అందులో వెటకారం ఉండదు, విసుగూ ఉండదు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడుగుతారు. అందుకని ఆఫీసంతా కలిసి ఆయనకు ఎంతగారని పేరు పెట్టింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఎంతమంది అలా పిలుస్తున్నారని ఒకసారి నన్నే అడిగారు.

మా కంపెనీ పార్సిళ్ళు పంచే వ్యాన్లకు దారి చెప్పే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. పొద్దున్నే ఒక్కో వ్యాన్లో నూట ఇరవై పెట్టెలు ఎక్కుతాయి. ఏ ఇంటికి ముందు వెళ్ళాలో, ఏ ఇంటికి తర్వాత వెళ్ళాలో డ్రైవరు కూర్చుని ఆలోచిస్తే మధ్యాహ్నం అవుతుంది కాబట్టి ఆ లెక్క కంప్యూటరు చేసిపెడుతుంది. ఆ లెక్క చేసే పద్ధతిని ఆల్గారిథమ్ అంటారు. దాన్ని రాసేది మేము నలుగురం. అందరికంటే సీనియరు పెద్దక్క. వారానికి నాలుగు వాక్యాలకు మించి మాట్లాడని మౌని. మనం ప్రశ్న పూర్తి చేసేలోపే జవాబు టైపు చేసేసే తొందరబాబు. చివరిదాన్ని నేను, కొత్తగా చేరినదాన్ని.

ఆర్నెల్లకోసారి మేనేజరు ఒక్కొక్కరికీ ఒక లక్ష్యం రాసివ్వాలి. అది కొలవడానికి వీలుగా ఉండాలన్నది కంపెనీ నియమం. మిగతా జట్లలో ఈ పని అరగంటలో తేలిపోయేది. మా జట్టుకు మూడు వారాలు పట్టింది.

మొదటి లక్ష్యం తొందరబాబుకే దొరికింది. దారి లెక్క తేలడానికి తొమ్మిది సెకన్లు పడుతోంది, దాన్ని ఆరుకు తగ్గించాలని ఎంతగారు రాశారు. ఏ కంప్యూటరు మీద, ఎన్ని పెట్టెలకు, ఎన్నిసార్లు నడిపి చూస్తే అన్నది కూడా కింద రాశారు. తొందరబాబు నాలుగో రోజుకల్లా రెండు సెకన్లకు తెచ్చేశాడు. మేమందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు ముప్ఫై వ్యాన్లు ముందురోజు పంచేసిన ఇళ్ళకే మళ్ళీ వెళ్ళి తలుపులు తట్టాయి. కొత్తగా లెక్క వెయ్యడానికి టైమ్ పడుతోందని అతని ఆల్గారిథమ్ నిన్నటి దారినే తీసి ఇచ్చేసిందట.

ఇక తొందరబాబు పని అయిపోయిందనుకున్నాం. ఎంతగారు మాత్రం తప్పు తనదేనన్నారు. ఎంత త్వరగా అని అడిగాను గానీ ఎంత సరిగ్గా అని అడగలేదు కదా అంటూ లక్ష్యం కాగితం చింపేశారు. కొత్త కాగితం మీద, పాత ప్రోగ్రాంలో ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉన్న నాలుగువేల లైన్లు తీసెయ్యాలని, తీసేసిన తర్వాత ఒక్క పెట్టె కూడా దారి తప్పకూడదని రాశారు. ఇన్నాళ్ళూ రాయడానికే జీతం తీసుకున్న తొందరబాబు ఆ కాగితాన్ని తిరగేసి కూడా చూశాడు, వెనకాల ఏమైనా వివరం ఉందేమోనని.

మౌనికి ఇచ్చిన లక్ష్యం ఇంకా విచిత్రం. దారి లెక్కలో అసలు గుండెకాయ లాంటి భాగం అతను రాసిందే. అది అతనికి తప్ప ఎవరికీ అర్థం కాదు. దాన్ని మామూలు మాటల్లో పదిహేను పేజీలు రాయాలన్నారు ఎంతగారు. మౌని ఆ వారం తన వంతు వాక్యాల్లో రెండు ఖర్చుపెట్టి, ప్రోగ్రామే స్పష్టంగా ఉంది కదా అన్నాడు. ఎంతమందికి స్పష్టంగా ఉందో కనుక్కుని చెప్పమన్నారు ఎంతగారు. మౌని వెళ్ళి పేజీలు రాయడం మొదలుపెట్టాడు.

పెద్దక్క లక్ష్యంలో ప్రోగ్రాం ఊసే లేదు. ఆవిడ సెలవు పెట్టిన రోజుల్లో ఆఫీసు నుంచి ఆవిడకు వెళ్ళే ఫోన్లు ఆర్నెల్లలో రెండుకు మించకూడదు, అంతే. నా సెలవులో ఎవరో ఫోన్ చేస్తే నా మార్కులెందుకు తగ్గాలని ఆవిడ వారం రోజులు సణిగింది. ఆ తర్వాత కూర్చుని, ఆవిడకు మాత్రమే తెలిసిన పనులన్నీ మాకు నేర్పించడం మొదలుపెట్టింది. వేరే దారి లేదు మరి.

నా కాగితం చూసుకున్నప్పుడు మాత్రం నాకు కళ్ళు తిరిగాయి. మీటింగుల్లో "నాకు అర్థం కాలేదు" అని ఆర్నెల్లలో వంద సార్లు అనాలి.

నన్ను ఎగతాళి చేస్తున్నారేమోనని మొదట ఏడుపొచ్చింది. నేను చేరిన రోజునుంచీ ఎవరేం చెప్పినా తలూపి, "అర్థమైంది సార్" అనేసి, సీటుకొచ్చి బిక్కమొహం వేసుకుని కూర్చునేదాన్ని. అది ఆయన కనిపెట్టినట్టున్నారు. ఇది నా పనితనానికి కొలత ఎలా అవుతుందని అడిగాను. ఆయన నోట్‌బుక్ తీసి ఒక గీత గీసి, ఇది మొదటిదిగా లెక్కేసుకుంటానన్నారు.

ఇంటి దగ్గరయినా మామూలుగా ఉంటారేమోనని నాకు అనుమానంగా ఉండేది. ఒక ఆదివారం కాగితాలివ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ బడిలో సైన్సు టీచరు. వంటింటి అరల మీద ఉప్పు డబ్బాకు, పంచదార డబ్బాకు కొలత గీతలు గీసి ఉన్నాయి. ఆవిడ నవ్వుతూ చెప్పింది. డాక్టరుగారు రోజూ కాస్త నడవమంటే ఎంతని ఈయన అడిగారట. అలసిపోయేదాకా అన్నాడట డాక్టరు. అలసటంటే ఎంతని అడిగేసరికి, డాక్టరు మందులచీటీ ఈవిడ చేతికిచ్చి, పేషెంటుని కాసేపు బయట కూర్చోబెట్టమన్నాడట.

"పెళ్ళిచూపుల్లో మీరంటే ఇష్టమేనన్నాను. అప్పుడూ అదే ప్రశ్న. ఇరవై రెండేళ్ళయింది, నేనింకా అంకె చెప్పలేదు" అంది ఆవిడ. ఎంతగారు పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, తొందరేం లేదన్నారు.

ఆఫీసులో నా గీతలు నెమ్మదిగా పెరిగాయి. మొదటి నెలలో తొమ్మిదే. రెండో నెలలో, వ్యాన్లు "అందుబాటు సమయంలో" చేరాలని ఎవరో అన్నప్పుడు, నాకు అర్థం కాలేదన్నాను. ఎవరి అందుబాటు? డ్రైవరు అందుబాటని పెద్దక్క, ఇంట్లోవాళ్ళ అందుబాటని తొందరబాబు అనుకుంటున్నారు. మౌని ఎవరిదీ కాకుండా గోడౌను తెరిచి ఉండే టైముకు ప్రోగ్రాం రాసేశాడు. ఆ రోజు నుంచి నేను అర్థం కాలేదంటే అందరూ తమ తమ కాగితాలు మళ్ళీ చూసుకునేవారు. ఆర్నెల్లు గడిచేసరికి నా గీతలు నూట పదమూడు.

అప్పుడే ఆఫీసులో ఒక గుసగుస మొదలైంది. ఖర్చు తగ్గించాలని హెడ్డాఫీసు వాళ్ళు ప్రతి జట్టునూ ఒకటి నుంచి చివరిదాకా వరసగా పేర్చమన్నారట. చివరి పేరున్నవాళ్ళు ఇంటికి వెళ్ళిపోవాలట. ఆ వారం మా నలుగురిలో ఎవరూ సరిగ్గా భోంచెయ్యలేదు. కొత్తదాన్ని కాబట్టి నేనేనని నాకు ఖాయమైపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టరుగారు ఎంతగారిని పిలిచారు. తెర మీద కాగితాలు చూపించడానికి ఎంతగారు నన్నూ రమ్మన్నారు. డైరెక్టరుగారు మనసులేని మనిషేమీ కాదు. ఆవిడకు సాయంత్రంలోగా ఒక పేరు కావాలి, అంతే.

"వీళ్ళలో చివర ఎవరు?" అని అడిగారావిడ.

"దేంట్లో మేడమ్?"

"పనిలో."

ఒకరిది లైన్లలో, ఒకరిది పేజీల్లో, ఒకరిది ఫోన్లలో, ఒకరిది గీతల్లో ఉందనీ, లైన్లలో ఉన్నది ఒక్కరే కాబట్టి అందులో మొదటా అతనే, చివరా అతనేననీ ఎంతగారు నెమ్మదిగా చెప్పారు. డైరెక్టరుగారు అన్నింటినీ శాతాల్లోకి మార్చమన్నారు. మార్చాం. తొందరబాబు డెబ్బై ఎనిమిది. మౌని ఎనభై. నేను నూట పదమూడుతో జట్టులో మొదటిదాన్ని. ఆ అంకె చూసి గదిలో అందరికంటే కంగారుపడింది నేనే.

పెద్దక్క దగ్గర లెక్క ఆగిపోయింది. రెండు ఫోన్లకు మించకూడదు, ఐదు వచ్చాయి. అది నలభై శాతమా, రెండువందల యాభై శాతమా అన్నది తేలలేదు. ఒక లెక్కన ఆవిడే అందరికంటే పైన. ఇంకో లెక్కన ఆవిడే చివర. ఆవిడ వెళ్ళిపోతే సోమవారం పొద్దున్న ఎన్ని వ్యాన్లు కదలవో ఎంతగారు అంకెతో సహా చెప్పారు. డైరెక్టరుగారు కాలిక్యులేటరు బోర్లించి పెట్టేశారు.

"మీరు కావాలనే ఇలా రాశారు కదూ" అన్నారావిడ.

ఎంతగారు ఇంకో కాగితం తీసి ముందు పెట్టారు. అది ఆయన తనకోసం తాను రాసుకున్న లక్ష్యం. ఒకటే వాక్యం. ఈ ఆర్నెల్లలో జట్టులో తగ్గాల్సిన మనుషులు: సున్నా. కింద డైరెక్టరుగారి సంతకం ఉంది.

"ఇది నేనెప్పుడు పెట్టాను?"

"మొదటి వారంలో మేడమ్, బుధవారం. ఇరవై మూడు కాగితాల అడుగున ఉంది."

"అడుగున ఎందుకు పెట్టారు?"

"పైన పెడితే చదువుతారని."

ఆవిడ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేనట్టు కాసేపు కిటికీలోంచి చూసి, ఇక వెళ్ళండన్నారు. సాయంత్రం హెడ్డాఫీసుకు ఆవిడ పంపిన కాగితంలో మా జట్టు దగ్గర పేరు లేదు. కొలతల్లో చిక్కులున్నందువల్ల వరస పేర్చడం కుదరలేదని మాత్రం ఉంది.

వరండాలో ఆయన వెనకే పరిగెత్తాను. మీకు మొదట్నించీ తెలుసా అని అడిగాను. ఆయన మెట్ల దగ్గర ఆగారు.

"ఇంతకుముందు చేసిన చోట ఒకతన్ని తీసేస్తుంటే అడ్డుపడ్డానమ్మా. చాలా మంచి పనివాడండీ అన్నాను. అంటే ఎంత అని అడిగారు. నా దగ్గర అంకె లేదు."

మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను సీటుకొచ్చి ఆ మాట మిగతా ముగ్గురికీ చెప్పాను.

హెడ్డాఫీసు నుంచి వారం తర్వాత ఉత్తరం వచ్చింది. కొలతల్లో చిక్కులు తెచ్చిన మేనేజరును రెండు రోజుల శిక్షణకు పంపాలట. శిక్షణ దేనికంటే, ఉద్యోగులకు కొలవదగిన లక్ష్యాలు ఎలా పెట్టాలన్నదానికి. మేము తల పట్టుకున్నాం. ఎంతగారు మాత్రం కొత్త నోట్‌బుక్ కొనుక్కుని హుషారుగా వెళ్ళారు.

మూడో రోజు ఆయన తిరిగొచ్చేసరికి మేము నలుగురం లేచి నిలబడ్డాం. కృతజ్ఞతలు చెప్పాలని ముందే అనుకున్నాం గానీ ఎవరు మొదలుపెట్టాలో అనుకోలేదు. చివరికి పెద్దక్క, శిక్షణ ఎలా జరిగింది సార్ అని మాత్రం అడగగలిగింది.

బాగుందన్నారు ఆయన. చెప్పిన కుర్రాడు మంచివాడట, పాపం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పాఠం చెప్పాడట. అందుకని రెండో రోజు తన కుర్చీ అతనికిచ్చేసి, తాను కిటికీ గట్టు మీద కూర్చున్నారట. నడుం పట్టేసిందని చెబుతూ వీపు రుద్దుకున్నారు.

మౌని లేచి, తన కుర్చీ ఆయన వైపు జరిపాడు. ఎంతగారు అందులో కూర్చుని, కాళ్ళు చాపుకుని, మెత్తగా ఉందయ్యా అన్నారు.