బొచ్చె వాలుగైపోయిన బోర్డు

2007 జూలైలో హైదరాబాద్ నుంచి వచ్చి, ఏలూరు పవర్‌పేటలో ఒక ఫ్లెక్స్, సైన్‌బోర్డుల షాపులో డిజైనర్‌గా చేరాను. నలభై నిండకుండానే మౌస్ పట్టుకునే మణికట్టు నన్ను ఆ వృత్తి నుంచి రిటైర్ చేసేసింది కాబట్టి, ఇప్పుడు ఇవన్నీ చెప్పడానికి తీరిక దొరికింది.

షాపులో హోదాలు మూడు. తెర మీద బొమ్మ గీసేది డిజైనర్. దాన్ని మిషన్‌కి ఎక్కించేది ఆపరేటర్. బయటికొచ్చినదాన్ని నిచ్చెనెక్కి బిగించేది ఫిట్టర్. తప్పు ఎవరిదైనా తిట్లు ఫిట్టర్‌కే పడేవి, కస్టమర్‌కి ఎదురుగా ఉండేది అతనే గనక. ఓనరు శామ్యూల్ గారు చర్చిలో పాటలు పాడించే మనిషి. కోపం వచ్చినా శ్రుతి తప్పేవారు కాదు. కోపం డిపార్ట్‌మెంట్ నాది.

చేరిన రెండో నెలలో ఆకివీడు నుంచి చేపల వ్యాపారి రాజుగారి పని వచ్చింది. కొత్త ప్యాకింగ్ షెడ్డు, గేటు మీద పెద్ద చేప బొమ్మ. రేకును చేప ఆకారంలో కోసి, పైన రంగుల స్టిక్కర్ అంటించి, ఇనప ఫ్రేముకి బోల్టులతో బిగించాలి. ఇది నచ్చితే ఆయన లారీలన్నిటికీ పేర్లు రాసే పని మాకే. నచ్చకపోతే భీమవరం షాపుకి. అప్పటికి మా షాపులో ఇద్దరు డిజైనర్లకి సరిపడా పని లేదు. ఈ పని పోతే రెండో డిజైనర్ సామాను సర్దుకోవాలి. ఆ రెండో డిజైనర్ నేనే.

ఇక్కడి పద్ధతేమిటంటే, బొమ్మ తయారయ్యేలోపే వెల్డర్ ఫ్రేము చేసేస్తాడు. రాజుగారు ఫోన్‌లో "ఎనిమిది బై మూడున్నర అండీ" అన్నారు, అయిపోయింది. చేపని ఆ కొలతకే గీశాను, తల ఎడమకి, తోక కుడికి, బల్లపరుపుగా. షెడ్డు ప్రారంభానికి ఇంకా రెండు రోజులుందనగా, మేం పంపిన బొమ్మ చూసి రాజుగారు ఫోన్ చేశారు.

"ఏవండీ, మీ చేప పడుకుందేంటండీ? ఐసులో పెట్టిన చేపలా ఉంది. పైకి ఎగరాలండీ."

చేపని ముప్పై డిగ్రీలు పైకి వాల్చాను. ఈలోపు హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తే, సిగ్నల్ కోసం రోడ్డు మీదికెళ్లాను. నేను ఫోన్ మాట్లాడనిది నిద్రపోయేటప్పుడే, అప్పుడు కూడా అది దిండు కిందే ఉండేది.

అసలు సంగతి ఇక్కడ చెప్పాలి. తెర మీద ఏ బొమ్మని ఎంచుకున్నా సాఫ్ట్‌వేర్ దాని చుట్టూ ఒక పెట్టె గీస్తుంది. బౌండింగ్ బాక్స్ అంటాం. పైన కనిపించే వెడల్పు, ఎత్తు ఆ పెట్టెవి, బొమ్మవి కావు. మేం వాడినదాంట్లో బొమ్మ ఎంత వాలినా పెట్టె మాత్రం నిక్కచ్చిగా నిటారుగానే ఉండేది. ట్రేలో పడుకున్న చేపని ఏటవాలుగా ఎత్తి చూడండి, మూత పడదు. చేప పెరగలేదు, దానికి కావలసిన ట్రే పెరిగింది. నేను వాల్చిన చేపకీ అంతే. పెట్టె వెడల్పు కాస్త తగ్గి, ఎత్తు అయిదడుగులకి పోయింది.

ఆపరేటర్ ప్రకాష్ ఆ అంకెలు చూసి కంగారుపడ్డాడు. వెడల్పు, ఎత్తు కలిసి మారేలా పట్టి ఉంచే తాళం ఒకటుంటుంది. అది తీసేసి, మళ్లీ ఎనిమిది, మూడున్నర అని కొట్టి, కాగితం మీద నమూనా ప్రింటు చేసేశాడు. అదే సమయానికి ఏదో పని మీద ఏలూరొచ్చిన రాజుగారు షాపులోకి అడుగుపెట్టారు.

నేను తిరిగొచ్చేసరికి ఆయన నమూనాని ముఖానికి దూరంగా పట్టుకుని చూస్తున్నారు.

"శామ్యూల్ గారూ, నేనేం అమ్ముతానండీ?"

"బొచ్చెలు కదండీ."

"మరి ఇది వాలుగ కదండీ!"

తెర మీదకి చూశాను. గుండ్రటి పొట్ట, పెద్ద తల ఉండాల్సిన బొచ్చె సన్నగా, పొడుగ్గా, పక్కకి లాగినట్టు అయిపోయింది. ఒక్క మీసాలే తక్కువ. హైదరాబాద్‌లో అయితే చేప చేపే, ఎవరూ పట్టించుకోరు. కొల్లేరు దగ్గర అలా కాదు. పైగా వాలుగ చెరువులోని చిన్న చేపల్ని మింగే రకం.

"గేటు మీద వాలుగని పెట్టుకుంటే మా రైతులు ఏమనుకుంటారండీ? మింగేవాడొచ్చాడనుకోరూ?" అన్నారు రాజుగారు, చాలా మర్యాదగా. ఆ మర్యాదలో నాకు భీమవరం షాపు కనిపించింది.

నేను ప్రకాష్ మీద పడ్డాను. "ఎవరు మార్చమన్నారు నిన్ను?"

"సైజు మారిపోయిందండీ. సరిచేశాను."

"మారింది చేప కాదు ప్రకాష్, పెట్టె!"

"నాకు పెట్టే కదండీ కనపడేది."

నేను ఇంకా గట్టిగా అరిచాను. శామ్యూల్ గారు మధ్యలోకొచ్చి, "అమ్మా, చేప వినదు, దాన్ని బాగుచెయ్యి," అన్నారు.

అన్‌డూ కొట్టి బొచ్చెని బొచ్చెగా చేశాను. కానీ వాలిన బొచ్చె ఫ్రేములో పట్టదు. పట్టేలా తగ్గిస్తే గేటు మీద చేపపిల్లలా ఉంటుంది. రాజుగారు తగ్గించడానికి ఒప్పుకోరు, పడుకోబెట్టడానికి అసలే ఒప్పుకోరు. కొత్త ఫ్రేముకి టైము లేదు. కోపంలో తెర మీద ఫ్రేము గీసి, చేపని దాని మీద పడేశాను. తల పైకి, తోక కిందికి పొడుచుకొచ్చాయి.

"పట్టట్లేదుగా సార్! బయటికే వస్తుంది!"

రాజుగారు తెర దగ్గరికి వంగారు. "రానివ్వండి. బయటికొస్తే బావుందండీ. కింద తోక మాత్రం వద్దు, లారీ మీద ట్రేలకి తగులుద్ది."

అప్పుడు ఆ పెట్టే పనికొచ్చింది. పెట్టె అడుగు అంచుని ఫ్రేము అడుగు అంచుకి కలిపే కమాండ్ ఇచ్చాను. తోక చివర సరిగ్గా ఫ్రేము మీద కూర్చుంది, ఎక్కువైన ఎత్తంతా పైకి పోయింది. ఫ్రేము లోపల నీళ్ల రంగు నింపాను. చెరువులోంచి తల పైకెత్తి దూకుతున్న బొచ్చె అయింది.

ప్రారంభం రోజు పొద్దున్నే ఫిట్టర్ దాన్ని బిగించాడు. కొల్లేరు గాలికి తల ఊగకుండా వెనక రెండు ఇనప పట్టీలు అదనంగా వేశాడు. మొదటి లారీ కింద నుంచి ఏమీ తగలకుండా వెళ్లింది. రాజుగారు చాలాసేపు చూసి, "చేప బ్రహ్మాండంగా ఉందండీ. బయటికొచ్చేసింది కదా, ఇంక ఫ్రేమెందుకండీ?" అన్నారు.

"ఎక్కడి నుంచి దూకిందో తెలియాలి కదండీ," అన్నారు శామ్యూల్ గారు.

లారీల పని మాకే వచ్చింది. నా సామాను సర్దుకునే అవసరం రాలేదు. ఆ తర్వాత ఆ పనిలో ఉన్నన్నాళ్లూ, కస్టమర్ ఫోన్‌లో సైజు చెప్పగానే ఒక ప్రశ్న అడిగేదాన్ని: ఇది బొమ్మ కొలతా, బొమ్మ పట్టే పెట్టె కొలతా? చాలామందికి తెలిసేది కాదు. తెలుసుకుని చెప్పేదాకా గీత గీసేదాన్ని కాదు. ప్రకాష్‌కి ఫైలు మాత్రం వెడల్పు, ఎత్తుల తాళం వేసే ఇచ్చేదాన్ని.