అల్మాజ్ పెనంలోని పొగ

ఏ పొగ, ఎక్కడిది అని అడక్కుండానే ఒక మనిషిని మంత్రగత్తె అనేసే హక్కు మీకు ఎవరిచ్చారు?

నిరుడు చలికాలం. కువైట్‌లోని జాబ్రియాలో ఒక పెద్ద ఇల్లు. ఇళ్లకు ఫైర్ అలారాలు బిగించి, చెడిపోతే బాగుచేయడం నా పని. నిప్పు లేకుండానే అలారం మోగుతోందని కబురొస్తే వెళ్లాను. పనివాళ్లు మామా అని పిలిచే ఇంటావిడ అప్పటికే తీర్పు చెప్పేసింది. ఇథియోపియా నుంచి వచ్చిన పనిమనిషి అల్మాజ్ చేతబడి చేస్తోందట, అలారం మోగేది అందుకేనట, సాయంత్రం పోలీసులను పిలుస్తుందట. ఇక్కడ ఆ మాట పడితే ఉద్యోగంతో పోదు, జైలు దాకా పోతుంది.

సాక్షి మన రాయచోటి సుబ్బమ్మ, ఆ ఇంటి వంటమనిషి.

"నా కండ్లారా చూసినా అన్నా. పెనంలో ఏందో మాడ్చి, ఆ పొగ మామా బిడ్డ మొగం కాడికి పట్టింది. ఆ పొద్దే బిడ్డకు జొరం. నేను ఊరికే ఉంటానా? అప్పట్నించి దినామూ ఎండు మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో ఏస్తాండా."

జ్వరం గొంతు వాపుదని డాక్టరు చెప్పినా ఎవరికీ పట్టలేదు. నాకు మాత్రం మిరపకాయల దగ్గరే దారి దొరికింది. మేడ మీద అల్మాజ్ గదిలో ఉన్నది హీట్ డిటెక్టర్. అది వేడికే పలుకుతుంది, పొగకు కాదు. వంటింటి బయట ఉన్నది స్మోక్ డిటెక్టర్. దానికి పొగ తగిలితే చాలు. ఈ మాట నోటితో చెబితే నమ్మేదెవరు? మామానూ సుబ్బమ్మనూ మేడ ఎక్కించి, ఆ రోజు చేసిందే మళ్లీ చెయ్యమని అల్మాజ్‌కు అరబ్బీలో చెప్పాను.

ఆమె చిన్న కరెంటు పొయ్యి మీద పచ్చి కాఫీ గింజలు వేయించింది. అవి నల్లబడగానే పొగలు కక్కే పెనాన్ని మా ఒక్కొక్కరి ముందూ ఆపింది. అతిథి ఆ వాసన పీల్చి మెచ్చుకోవాలి. వాళ్ల దేశంలో మర్యాద అది! పసిబిడ్డకూ ఆ గౌరవం ఇవ్వడమే ఆమె చేసిన నేరం. గది పొగతో నిండింది. అలారం పలకలేదు.

"సుబ్బమ్మా, ఇప్పుడు నీ మిరపకాయలు కానియ్" అన్నాను.

ఆమె కిందికి దిగిన కాసేపటికే ఇల్లంతా మోత. నేను వెళ్లి అలారం ఆపాను. సుబ్బమ్మ దగ్గుతూ నా వెనకే మేడెక్కి, "ఇన్నాళ్లూ కూసింది నా మిరపకాయలకేనా!" అంది. మామా పగలబడి నవ్వి, "ఖలాస్" అంటూ ఫోను పక్కన పెట్టేసింది.

అప్పుడు పోసింది అల్మాజ్ కాఫీ. ఒకే పొడితో మూడు విడతలు కాస్తారు, మూడోది తాగకుండా లేస్తే తప్పు. ఆ మూడు కప్పుల్లో ఒక దేశమే కళ్ల ముందుకొచ్చింది. కాఫీ చెట్టు అడవిలో తనంతట తాను మొలిచిన నేల. కువైట్ పెనంలా కాలే ఆగస్టులో అక్కడి కొండల మీద ఎడతెగని వాన, రాత్రికి దుప్పటి కావాలట. వానలు వెనకబట్టాక వాలులన్నీ పసుపు పూలు, సెప్టెంబరులో కొత్త సంవత్సరం, ఏడాదికి పదమూడు నెలలు! "మరి జీతం పదమూడుసార్లు ఇస్తారా?" అని అడిగింది సుబ్బమ్మ. అల్మాజ్ మొదటిసారి నవ్వింది.

మూఢనమ్మకాన్ని వాదనతో గెలవాలని ఏళ్లుగా గొంతు చించుకున్నాను. ఒక పరీక్ష, ఒక కాఫీ ఆ పని పూర్తి చేశాయి. మీ పక్క గదిలో మీరు అలా అనుమానించే మనిషి ఉంటే ఈ శుక్రవారం సెలవునాడే తలుపు తట్టండి. పేరు అడగండి, ఊరు అడగండి. మూడో కప్పు దాకా లేవకండి.