సండే రైడ్ మిరపకాయలు

2023 వేసవి. గుంటూరులో కిటికీలు మూసినా మిరపకాయల ఘాటు లోపలికి వచ్చే రోజులు. నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. ఆ సీజన్‌లో చేరినవాళ్ళు మొదటి రోజు మాట్లాడరు, తుమ్ముతారు.

ఆ వారం మస్తాన్ గారు వచ్చారు. యాభై దాటిన మిర్చి వ్యాపారి. మొదటిసారి విదేశానికి సరుకు పంపబోతూ, కొనేవాడితో ఫోన్‌లో మాట్లాడి చెడగొట్టుకున్నారు.

"ఏం చెప్పారండీ?"

"ఉన్నదే చెప్పా మాస్టారూ. మా కాయ సన్-డైడ్ అని. డైడా అన్నాడు. యెస్ సర్, హండెడ్ పర్సెంట్, దగ్గరుండి చేయిస్తాం అన్నా. పెట్టేశాడు."

డ్రైడ్ అంటే ఎండబెట్టినది, డైడ్ అంటే రంగు వేసినది అని చెప్పాను.

"కల్లంలో ఎండిన కాయండీ అది. నా నోటితో నేనే రంగేశానన్నమాట."

ఈ బేరం తెచ్చిన దళారి బతిమాలితే, మర్నాడు ఇంకొక్కసారి వింటానన్నాడట ఆ కొనేవాడు.

సన్-డ్రైడ్ లాంటివాటిని కాంపౌండ్ అడ్జెక్టివ్‌లు అంటారు. రెండు మాటలు అడ్డగీతతో కలిసి ఒకే విశేషణంగా పనిచేస్తాయి. నిఘంటువు దీన్ని సన్, డ్రైడ్ అని రెండు సిలబుల్స్‌గా, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలుగా విడదీస్తుంది. నేనూ అలాగే విడదీశాను. ఆయన గంటసేపు శ్రద్ధగా "సన్, డైడ్" అన్నారు. డ్రైవర్ని డైవర్ అనే నాలుక అది. డ కింద రావత్తు దాని కంటికి ఆనదు.

చివరికి అడ్డగీతను జరిపాను. డ్‌ను ముందు ముక్కకిచ్చేశాను.

"సండే అనండి."

"సండే."

"రైడ్."

"రైడ్."

"ఇప్పుడు రెండూ కలిపి అనండి. మధ్యలో 'ఏ' శబ్దం మింగేయండి."

"సండ్రైడ్." ఎవరన్నారా అన్నట్టు చుట్టూ చూశారు. "ఆదివారం షికారా మాస్టారూ ఇది?"

"ప్రస్తుతానికి అంతే."

మర్నాడు నా ఎదుటే స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు. కంగారులో మింగాల్సినది మింగలేదు.

"నాట్ డైడ్ సర్. సండే రైడ్. ఓన్లీ సండే రైడ్ చిల్లీస్."

నేను ఫ్యాన్ వైపు చూస్తున్నాను.

"ఓ, సన్-డ్రైడ్," అన్నాడతను.

"దట్ ఓన్లీ సర్."

శాంపిల్ పంపమన్నాడు. తర్వాత సరుకూ వెళ్ళింది.

మాట ఎక్కడ విరగాలో పుస్తకం చెబుతుంది. నోరు ఎక్కడ విరుస్తుందో ఎదుటి మనిషిని విన్నాకే తెలుస్తుందని అప్పుడు నేర్చుకున్నాను. మస్తాన్ గారు తన కారు డ్రైవర్ని ఇప్పటికీ "డైవర్" అనే పిలుస్తారు. అతను పలుకుతున్నాడు కనక నేను కల్పించుకోలేదు.