నేను కనిపెట్టిన తాళం

ఒక లోడు గులాబీలనూ నా ఉద్యోగాన్నీ ఒకే టిక్కుతో వాడగొట్టబోయిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వడం మాత్రం చివరిదాకా ఆపుకోండి.

అప్పటికి శంషాబాద్‌లో, విమానాశ్రయం దగ్గర ఓ చిన్న కంపెనీలో చేరి ఆరు నెలలు. పూల రైతులు విదేశాల్లో కొనేవాళ్ళకి సరుకు కాగితాలు పంపుకునే యాప్ మాది. మొదటి కస్టమరు కొత్వాల్‌గూడ యాదయ్యన్న. ఆయన గులాబీలు కొనేది దుబాయిలో ఉన్న ఓ తెలుగు వ్యాపారి.

"మన సరుకు సంగతి పక్కోనికి తెలువొద్దు తమ్మీ" అన్నాడు యాదయ్యన్న. అంతే, రాసింది పరాయివాళ్ళు చదవకుండా తాళం వేసే ఎన్‌క్రిప్షన్‌లో, లోకమంతా వాడేది వదిలేసి నేనే ఒకటి కనిపెట్టాను. ప్రతి హల్లుకూ బదులు వర్ణమాలలో దాని తర్వాతిది. గులాబీ కాస్తా ఘువాభీ అవుతుంది. ఆ రోజు నన్ను చూసుకుని నేనెంత మురిసిపోయానో చెప్పలేను.

యాప్ స్టోరు ఫారంలో ఒక ప్రశ్న: ఎన్‌క్రిప్షన్ అందరూ వాడేదా, మీ సొంతమా? ఛాతీ విరుచుకుని 'సొంతం' మీద టిక్కు పెట్టాను. స్టోరు వాళ్ళు యాప్ విడుదల కాకుండా ఆపేశారు.

మా మేనేజరు శారదగారు పిలిచారు. "ఏం చేశారండీ మీరు? సొంతదంటే దేశానికో రూలు. ఒకరు తాళం గట్టిగా వేయమంటారు, ఒకరు తాళంచెవి మాకూ ఒకటివ్వమంటారు, ఇంకొకరు అసలు తాళం ఎలా చేశారో చూపించమంటారు."

"టిక్కు తీసేస్తానండీ."

"తీయడానికి లేదు, వివరణ రాయాల్సిందే. రేపు సాయంత్రం విమానానికి యాదయ్యగారి పూలు వెళ్ళాలి. యాప్‌లో కాగితాలు కనబడకపోతే దుబాయిలో ఆయన సరుకు తీసుకోడు. పూలు ఇక్కడే వాడిపోతే మీరిక ఆఫీసుకి రానక్కర్లేదు."

ఈలోగా యాదయ్యన్న వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. "ఏంది తమ్మీ, పూలు కోసి పెట్టిన. ఇగ గిట్ల ఆపితే ఎట్ల?"

దేశాలే భయపడే విద్య నాదని చెప్పి, స్క్రీను ఆయన వైపు తిప్పాను. ఒక్క క్షణం చూశాడు.

"గులాబీయే గద? జర జలుబు చేసినోడు చెప్పినట్టున్నది."

వివరణ రాయడానికి కూర్చుంటే, ఎంత సాగదీసినా నా మహా ఆవిష్కరణ మూడు వాక్యాలు దాటలేదు. సిగ్గుతోనే స్టోరు వాళ్ళకి పంపాను.

మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. శారదగారు ఆఫీసంతా వినేలా పైకి చదివారు: "మీ వివరణ చూశాం. దీన్ని ఎన్‌క్రిప్షన్‌గా పరిగణించలేం. ఏ దేశంలోనూ ఏ అనుమతీ అక్కర్లేదు."

పూలు ఎగిరాయి, ఉద్యోగం నిలిచింది. ఆ వారంలోనే శారదగారు నా తాళం పీకేసి అందరూ వాడేదే వేయించారు. యాదయ్యన్న మాత్రం మనస్ఫూర్తిగా భుజం తట్టాడు. "నీ తాళం జర గట్టిగుంటే నా పూలు గీడనే ఉండేటియి తమ్మీ. మంచిగ చేసినవ్."

నా ప్రతిభకు దొరికిన మొదటి మెచ్చుకోలు అదే.

కాబట్టి మా పక్కనున్న హిమాయత్ సాగర్ చెరువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను, ఈ జన్మలో మళ్ళీ సొంత తాళం చేయను. చేస్తే ఆపే దేశం ఒక్కటీ లేదని తేలిపోయింది కనుక, నన్ను నేనే ఆపుకోవాలి.